లాభం ఎక్కడ పుట్టింది? పెట్టుబడిపై కతోలిక శ్రీసభ సూత్రాలు

లాభం ఎంత వచ్చిందో ఖాతా పుస్తకం చెబుతుంది. ఎందువల్ల వచ్చిందో చెప్పదు. సొమ్ము మదుపు పెట్టే విషయంలో కతోలిక శ్రీసభ శతాబ్దాలుగా అడుగుతూ వస్తున్నది ఈ రెండో ప్రశ్ననే. మతంతో నిమిత్తం లేకుండా వర్తకులకు, దళారులకు పనికివచ్చే అంశాలు ఇందులో కొన్ని ఉన్నాయి.

వెరోనా అప్పు

1740 దశకంలో ఇటలీలోని వెరోనా నగరం 4 శాతం వడ్డీకి అప్పు తీసుకున్నది. ఆ వడ్డీ పుచ్చుకోవడం ధర్మమా, కాదా అని పండితుల మధ్య వివాదం చెలరేగింది. 1745 నవంబరు 1న 14వ బెనెడిక్ట్ పోపు ఇటలీ బిషప్పులకు ఒక లేఖ రాశారు. వెరోనా ఒప్పందంపై ఆయన తీర్పు చెప్పలేదు. సూత్రాలు మాత్రం నిర్ణయించారు.

అప్పు ఇచ్చానన్న ఒకే ఒక కారణంతో అసలు కంటె అదనంగా కోరరాదన్నది మొదటి సూత్రం. వడ్డీ స్వల్పమైనా, తీసుకున్నవాడు ధనవంతుడైనా ఈ నియమం మారదు. అయితే అప్పుతో పాటు వేరే న్యాయమైన కారణాలు ఉండవచ్చు. అవి నిజంగా ఉన్నప్పుడు అదనం కోరవచ్చునన్నది రెండో సూత్రం.

ఉదాహరణకు ఒక వర్తకుడు మిర్చి కొనుగోలుకు ఉంచుకున్న లక్ష రూపాయలు మరొకరికి సర్దుబాటు చేశాడనుకుందాం. సీజనులో అతనికి రావలసిన లాభం చేజారింది. ఇది ఒక కారణం. గడువుకు సొమ్ము అందక అతడు మరోచోట నష్టపడితే అది రెండో కారణం. అసలుకే ముప్పు ఉంటే అది మూడోది. భాగస్వామిగా చేరినవానికి లాభంలో వాటా ఎలాగూ ఉంటుంది. కాని నష్టంలోనూ ఉండాలి. నష్టంతో తనకు సంబంధం లేకుండా, అసలుకు హామీ తీసుకుని లాభంలో మాత్రం వాటా కోరే ఒప్పందాలను 5వ సిక్స్‌టస్ పోపు 1586లోనే ఖండించారు.

కాలక్రమాన బ్యాంకులు పెరిగాయి. సొమ్ము ఎక్కడ పెట్టినా ఏదో ఒక రాబడినిచ్చే రోజులు వచ్చాయి. 1917 నాటి శ్రీసభ ధర్మశాస్త్రం చట్టసమ్మతమైన వడ్డీని, అది మితిమీరనంతవరకు, అనుమతించింది.

ధాన్యం వర్తకుని ప్రశ్న

13వ శతాబ్దపు పండితుడు థామస్ అక్వినాస్ సరుకుల వ్యాపారానికి సూటిగా తగిలే ప్రశ్న ఒకటి చర్చించారు. ధాన్యం ప్రియంగా ఉన్న ఊరికి ఒక వర్తకుడు సరుకు తెచ్చాడు. వెనుక మరింత సరుకు వస్తున్నదని అతనికి తెలుసు. ఆ సంగతి కొనేవారికి చెప్పి తీరాలా? చెప్పకుండా నడుస్తున్న ధరకే అమ్మితే అన్యాయం కాదన్నారు అక్వినాస్. చెబితే, లేదా ధర తగ్గిస్తే అది మరింత ఉత్తమమని కూడా అన్నారు.

అయితే రెండు విషయాల్లో ఆయన సడలింపు ఇవ్వలేదు. సరుకులో బయటికి కనిపించని లోపాన్ని చెప్పి తీరాలి. అమ్మేవానికి ప్రత్యేక నష్టమేదీ లేనప్పుడు, కొనేవాని అత్యవసరాన్ని చూసి ధర పెంచరాదు. నడుస్తున్న బజారు ధర వేరు, ఎదుటివాని అవసరానికి కట్టిన ధర వేరు.

వాటాల కాలంలో

వాటాలు కొన్నవాడు ఫ్యాక్టరీని చూడడు, కూలీలనూ చూడడు. అందుచేత ప్రశ్న కొంత మారింది. సొమ్మును ఒక రంగంలో కాక మరో రంగంలో పెట్టడం కేవలం లెక్కల వ్యవహారం కాదని, అది నైతిక నిర్ణయం కూడానని 2వ జాన్ పాల్ పోపు 1991లో తమ లేఖలో స్పష్టం చేశారు.

అమెరికా కతోలిక బిషప్పుల మండలి తన నిధుల మదుపుకు మార్గదర్శకాలు రూపొందించుకున్నది. 2003లోను, 2021లోను వాటిని సవరించింది. వాటి సారాంశం మూడు మాటల్లో చెప్పవచ్చు. గర్భస్రావం, అశ్లీల చిత్రాలు వంటి వ్యాపారాల్లో సొమ్ము పెట్టరాదు. వాటాలున్న కంపెనీలో వాటాదారుగా ప్రశ్నలు వేసి, ఓటు వేసి మార్పు తేవాలి. ప్రజల మేలుకు తోడ్పడే మదుపులు వెతకాలి.

2018లో వాటికన్ విడుదల చేసిన పత్రం ఆర్థిక విపణులను పరిశీలించింది. అప్పు ఎగవేత నుంచి రక్షణగా, బీమా లాగా మొదలైన కొన్ని ఒప్పందాలు క్రమంగా ఇతరుల దివాలా మీద పందేలుగా మారాయని ఆక్షేపించింది. వాయిదా వ్యాపారానికి ఇదే కొలత వేసి చూసుకోవచ్చు. గోదాములోని సరుకుకు ధర రక్షణ కోసం వాయిదా అమ్మడం ఒకటి. చేతిలో సరుకు లేకుండా పక్కవాడు మునగాలని ఎదురుచూడడం మరొకటి.

లండన్ భవనం పాఠం

నియమాలు ఉన్నంత మాత్రాన సొమ్ము భద్రం కాదు. వాటికన్ రాష్ట్ర సచివాలయం 2014లో లండన్‌లోని ఒక ఖరీదైన భవనంలో పెట్టుబడి పెట్టడం ప్రారంభించింది. మధ్యవర్తుల ద్వారా నడిచిన ఈ వ్యవహారం చివరికి న్యాయస్థానానికి ఎక్కింది. 2022లో భవనాన్ని 18.6 కోట్ల పౌండ్లకు అమ్మివేశారు. నష్టం 10 కోట్ల యూరోలు దాటింది. విరాళాలిచ్చిన భక్తుల విశ్వాసానికి కలిగిన నష్టం వేరు. 2022 సెప్టెంబరు 1 నుంచి వాటికన్ సంస్థల మదుపులకు ఉమ్మడి విధానం అమలులోకి వచ్చింది.

భవనం కొనడం పాపం కాదు. ఎవరి సొమ్ము, ఎవరు బాధ్యులు, మధ్యవర్తికి ఎంత ముట్టింది అన్న ప్రశ్నలకు సకాలంలో జవాబు దొరకకపోవడంలోనే చిక్కంతా ఉన్నది.

నాలుగు ప్రశ్నలు

ఈ సూత్రాలు పాటించేవారికి కొన్ని లాభసాటి వాటాలు దూరమవుతాయి. ఒక్కొక్కసారి రాబడి తగ్గవచ్చు. అది ముందే తెలుసుకుని దిగవలసిన బేరం. పెద్ద కంపెనీల్లో మంచి వ్యాపారం, చెడ్డ వ్యాపారం కలిసే ఉంటాయి కనుక ప్రతిసారీ తూకం వేసుకోక తప్పదు.

సొమ్ము పెట్టేముందు వేసుకోవలసిన ప్రశ్నలు ఇవి. ఒకటి: ఈ లాభం శ్రమకు, ముప్పుకు ప్రతిఫలమా, ఎదుటివాని ఇబ్బందికి కట్టిన వెలయా? రెండు: లాభంలో వాటా కోరినవారు నష్టంలోనూ నిలుస్తారా? మూడు: సరుకులోని లోపం కొనేవానికి తెలుసా? నాలుగు: సొమ్ముదారు వచ్చి లెక్క అడిగితే ఖాతా పుస్తకం తెరిచి చూపగలమా?

మొదటి మూడింటికి జవాబు చెప్పడానికి సమయం పట్టవచ్చు. నాలుగోదానికి తడుముకోవలసి వస్తే ఆ బేరం వదులుకోవడమే మేలు.