కవర్డ్ కాల్ అంటే ఏంటి? షేర్ల మీద నెలనెలా వచ్చే ప్రీమియం, దాని వెనకున్న అసలు లెక్క

ఈ మధ్య మా ఆఫీసులో కొత్త ఫోన్ల గురించి ఎంత మాట్లాడుకుంటున్నారో, షేర్ల గురించి కూడా అంతే మాట్లాడుకుంటున్నారు. "డీమ్యాట్‌లో ఊరికే పడున్న షేర్లకు నెలనెలా అద్దె వస్తుంది, కవర్డ్ కాల్ అమ్మితే చాలు" అనే రీల్స్ కూడా తెగ తిరుగుతున్నాయి. ఇది పూర్తిగా అబద్ధం కాదు, అలాగని అద్దె కూడా కాదు. ఫోన్ కొనేముందు స్పెక్స్ చూసినట్టే, దీని స్పెక్స్ కూడా ఒక్కొక్కటిగా చూద్దాం.

ముందు కాల్ ఆప్షన్ సంగతి

మీ దగ్గరున్న ఫోన్ ధర ఇప్పుడు 20,000 రూపాయలు అనుకోండి. ఒకాయన వచ్చి, "నెలాఖరున నాకు కావాలంటే 22,000కి మీరు అమ్మాల్సిందే. ఈ మాట ఇచ్చినందుకు ఇప్పుడే 400 తీసుకోండి" అన్నాడు. ఇదే కాల్ ఆప్షన్. 22,000 అనేది స్ట్రైక్ ప్రైస్, 400 ప్రీమియం, నెలాఖరు ఎక్స్‌పైరీ.

చూడ్డానికి మన ఊళ్లో స్థలం కొనేటప్పుడు ఇచ్చే బయానాలా ఉంటుంది. కానీ బయానా చివర్లో ధరలో కలిసిపోతుంది, ప్రీమియం కలవదు. ఏం జరిగినా ఆ 400 మీదే. ఇంకో తేడా, ఆయన వద్దనుకుంటే వెళ్లిపోవచ్చు. మీరు మాత్రం మాట తప్పడానికి లేదు.

ఫోన్ చేతిలో ఉండి ఆ మాట ఇస్తే కవర్డ్ కాల్. ఫోన్ లేకుండానే ఇస్తే నేకెడ్ కాల్. రెండో దాంట్లో ధర ఎంత పెరిగితే అంత నష్టం, దానికి పై హద్దు లేదు.

ఇది కొత్తగా వచ్చిన ట్రిక్ కాదు. 1973లో షికాగోలో ఆప్షన్స్ ఎక్స్ఛేంజ్ మొదలైనప్పుడు 16 కంపెనీల షేర్ల మీద కాల్ ఆప్షన్లతోనే మొదలుపెట్టారు. మన ఎన్ఎస్ఈలో స్టాక్ ఆప్షన్లు 2001 జులైలో వచ్చాయి.

ఇప్పుడు లెక్క చేద్దాం

ఊహించుకున్న నంబర్లు తీసుకుందాం. షేర్ ధర 1,000. లాట్ సైజు 500. అంటే మీ పెట్టుబడి 5 లక్షలు. 1,060 స్ట్రైక్ కాల్‌ను 15 రూపాయలకు అమ్మారు. చేతికి 7,500 వచ్చింది.

నేను దీనికి పైథాన్‌లో చిన్న ఫంక్షన్ రాసుకున్నా. లాజిక్ ఇంతే: ఎక్స్‌పైరీ రోజు ధర, స్ట్రైక్ రెండింట్లో ఏది తక్కువైతే అది తీసుకో, కొన్న ధర తీసేయ్, ప్రీమియం కలుపు, లాట్ సైజుతో గుణించు. ఛార్జీలు, పన్నులు పక్కన పెడితే రిజల్ట్ ఇలా వస్తుంది.

ధర 1,000 దగ్గరే ఉంటే: లాభం 7,500. ఊరికే ఉంచుకున్నవాడికి సున్నా.
ధర 1,040 అయితే: లాభం 27,500. ఊరికే ఉంచుకున్నవాడికి 20,000.
ధర 1,150 అయితే: లాభం 37,500 దగ్గర ఆగిపోతుంది. ఊరికే ఉంచుకున్నవాడికి 75,000.
ధర 900 అయితే: నష్టం 42,500. ఊరికే ఉంచుకున్నవాడికి 50,000.

ఈ నాలుగు లైన్లలోనే మొత్తం కథ ఉంది. పైకి వెళ్తే లాభానికి మూత పడుతుంది. కిందకి వెళ్తే 15 రూపాయల కుషన్ తప్ప మిగతా నష్టమంతా మీదే. "కవర్డ్" అనే పేరు చూసి నష్టానికి కవర్ ఉందనుకుంటారు. కవర్ అయ్యేది షేర్లు ఇవ్వాల్సిన బాధ్యత మాత్రమే, మీ డబ్బు కాదు.

12తో గుణించకండి

నెలకు 1.5 శాతం కదా, సంవత్సరానికి 18 శాతం అని రీల్స్‌లో చూపిస్తారు. ఇక్కడే బగ్ ఉంది. పై ఉదాహరణలోనే షేర్ 900కి పడింది అనుకోండి. ఇప్పుడు 1,060 స్ట్రైక్‌కి ప్రీమియం దాదాపు ఏమీ రాదు. మళ్లీ 15 రూపాయలు కావాలని కిందకి దిగి 920 స్ట్రైక్ అమ్మారు. వచ్చే నెల షేర్ తిరిగి 1,000కి వచ్చేసింది. మీ షేర్లు 920కే పోయాయి. రెండు ప్రీమియంలు కలిపినా షేర్‌కి 50 నష్టం, మొత్తం 25,000. ఏమీ చేయకుండా కూర్చున్నవాడికి నష్టమే లేదు.

పడేటప్పుడు పూర్తిగా పడి, లేచేటప్పుడు సగం లేవడం ఈ స్ట్రాటజీకి ఉన్న అసలు బలహీనత. ఇంకో మాట, ప్రీమియం ఎక్కువ కనిపిస్తే అది ఆఫర్ కాదు. కంపెనీ రిజల్ట్స్ లాంటిది ఏదో దగ్గర్లో ఉంది, ధర గట్టిగా కదలొచ్చు అని మార్కెట్ అనుకుంటోందన్నమాట.

మన దగ్గర గమనించాల్సినవి

లాట్ సైజు: ఒకటి రెండు షేర్లతో కుదరదు. కాంట్రాక్ట్ విలువ సాధారణంగా 5 లక్షలు, ఆపైన ఉండేలా లాట్ పెడతారు.

మార్జిన్: షేర్లు మీ డీమ్యాట్‌లో ఉన్నా బ్రోకర్ మార్జిన్ అడుగుతాడు. షేర్లను ప్లెడ్జ్ చేయొచ్చు, కానీ పూర్తి విలువ లెక్కలోకి రాదు, కొంత కోత పెడతారు. పైగా ఓవర్‌నైట్ పొజిషన్‌కి కావాల్సిన మార్జిన్‌లో సగం క్యాష్ లేదా దానికి సమానమైన రూపంలో ఉండాలి.

డెలివరీ: 2019 అక్టోబర్ నుంచి స్టాక్ ఆప్షన్లన్నీ ఫిజికల్ సెటిల్‌మెంటే. ఎక్స్‌పైరీకి ధర స్ట్రైక్ దాటితే షేర్లు నిజంగానే వెళ్లిపోతాయి. ప్లెడ్జ్‌లో ఉంటే ముందే విడిపించుకోవాలి. షేర్లు ఇవ్వడం ఇష్టం లేకపోతే ఎక్స్‌పైరీకి ముందే ఆ కాల్‌ను తిరిగి కొనేయాలి. అప్పటికి దాని ధర 15 ఉండదు, బాగా పెరిగి ఉంటుంది.

ట్యాక్స్: ఎఫ్ అండ్ ఓ లాభం బిజినెస్ ఆదాయం కింద వస్తుంది. జీతం ఒక్కటే ఉన్నప్పుడు వేసే ఐటీఆర్-1 సరిపోదు, ఐటీఆర్-3 వేయాలి.

అమెరికాలో పనిచేస్తున్న మన తెలుగువాళ్లకు రూల్స్ వేరు. అక్కడ సాధారణంగా ఒక కాంట్రాక్ట్ అంటే 100 షేర్లు. స్టాక్ ఆప్షన్లు అమెరికన్ స్టైల్ కాబట్టి ఎక్స్‌పైరీకి ముందే, ముఖ్యంగా డివిడెండ్ ముందు రోజుల్లో షేర్లు పోవచ్చు. ఆర్ఎస్‌యూల మీద కాల్ అమ్మాలనుకుంటే ముందు కంపెనీ పాలసీ చదవండి. సొంత కంపెనీ షేర్ మీద ఆప్షన్లు చాలా కంపెనీలు ఒప్పుకోవు.

మరి ఎవరికి పనికొస్తుంది?

లాట్‌కి సరిపడా షేర్లు ఇప్పటికే ఉండి, ఒక ధర వస్తే అమ్మేద్దాం అని ముందే అనుకున్నవాళ్లకు ఇది బాగుంటుంది. ఎలాగూ 1,060కి అమ్మేవాళ్లే కదా, ఎదురుచూసినందుకు 15 అదనం. అదే పదేళ్లు ఉంచుకుందాం అనుకున్న షేర్ మీద అమ్మితే, బాగా పెరిగిన నెలలోనే అది చేజారుతుంది. ప్రీమియం కోసమే అప్పు చేసి 5 లక్షల షేర్లు కొనడం అయితే అస్సలు వద్దు.

2024 సెప్టెంబర్‌లో సెబీ ఇచ్చిన స్టడీ ప్రకారం 2022 నుంచి 2024 వరకు మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఎఫ్ అండ్ ఓ చేసిన వ్యక్తిగత ట్రేడర్లలో 93 శాతం మంది నష్టపోయారు. కవర్డ్ కాల్ ఆ సెగ్మెంట్‌లో కొంచెం జాగ్రత్తైన పద్ధతే, కానీ గేమ్ అదే.

కాబట్టి ఆర్డర్ పెట్టేముందు రెండు ప్రశ్నలు వేసుకోండి. ఈ ధరకి షేర్లు పోతే నాకు ఓకేనా? షేర్ 20 శాతం పడినా ఉంచుకోగలనా? రెండింటికీ అవును అయితేనే ముందుకెళ్లండి. ముందు మూడు నాలుగు నెలలు డబ్బు పెట్టకుండా ఎక్సెల్ షీట్‌లో రాసి చూడండి, ఊరికే ఉంచుకుంటే ఎంత వచ్చేదో పక్క కాలమ్‌లో వేయండి. రీల్ చెప్పని విషయం ఆ రెండో కాలమ్ చెబుతుంది. ఇది నేర్చుకోవడానికి రాసిందే, ఏ షేర్ కొనమనీ అమ్మమనీ సలహా కాదు.