ఒంటరియైన గూడబాతు

చదువవలసిన భాగములు: కీర్తనలు 102:1-7, ద్వితీయోపదేశకాండము 22:6-7, మత్తయి 6:26



పక్షులవైపు కన్నులెత్తి చూచి నేర్చుకొనుడని ప్రభువు తన శిష్యులకు బోధించెను. ఆ పాఠము చదువుటకు మనము దూరపు దీవులకు పోనక్కరలేదు. శ్రీకాకుళం జిల్లా టెక్కలి మండలములోని తేలినీలాపురము చాలును.

సెప్టెంబరు, అక్టోబరు మాసములలో గూడబాతులును రంగురెక్కల కొంగలును ఆ ఊరికి వచ్చి, చింతచెట్లమీద గూళ్లు కట్టి, పిల్లలను పెంచి, వేసవి ముదరక మునుపే వెళ్లిపోవును. ఇవి సైబీరియానుండి వచ్చునని జనులు చెప్పుకొందురు. గాని ముక్కుమీద మచ్చలుగల ఈ గూడబాతు మన దేశములోను, శ్రీలంక, కంబోడియా దేశములలోను గూడుకట్టు పక్షియే.

ఉదయమే పోయి చెట్టుక్రింద నిలిచి చూడుడి. పెద్దపక్షులు నీళ్లున్న తావులకు చేపలకై ఎగిరిపోవును. తిరిగి వచ్చి నోరు తెరువగా, పిల్ల తన తలను తల్లి గొంతు సంచిలోనికి దూర్చి తినును. దీనిని దూరమునుండి చూచిన పూర్వులు, గూడబాతు తన రొమ్ము చీల్చుకొని రక్తముతో పిల్లలను పోషించునని తలంచిరి. పడమటి దేశముల దేవాలయములలో దానిని క్రీస్తుకు గురుతుగా చెక్కిరి. ఆ కథ నిజము కాదు. అయితే పగలంతయు తిరిగి సంపాదించినది పిల్ల నోటికిచ్చుట నిజము.

ఇప్పుడు 102వ కీర్తన తెరువుడి. బాధలోనున్న భక్తుడు తన్ను అడవిలోని గూడబాతుతో పోల్చుకొనుచున్నాడు. ఆ హెబ్రీ మాట ఏ పక్షిని చెప్పునో పండితులు ఏకీభవింపరు. మన తెలుగు బైబిలులో గూడబాతు అని యున్నది. తేలినీలాపురము చూచినవారికి ఆ మాట గుండెకు తగులును. గూడబాతు గుంపులో బ్రదుకు పక్షి. ఒకే చెట్టుమీద అనేక గూళ్లు కట్టుకొనునది. అట్టిది ఒంటరిగా నిలిచినయెడల ఏదో కష్టము వచ్చినదన్న మాట.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను శ్రీకాకుళం జిల్లా తీరమును దాటెను. ఉద్దానములో కొబ్బరి, జీడి తోటలు నేలకూలెను. చెట్టు పడిన ఇంట బిడ్డలు పనికై వలసపోవుట మనమెరుగుదుము. పక్షులు కాలమెరిగి తిరిగి వచ్చును. మన బిడ్డలు హైదరాబాదునుండి, చెన్నైనుండి ఎప్పుడు వత్తురో తెలియదు. ఆదివారము ఆరాధనలో చివర చాపమీద ఒంటరిగా కూర్చుండు అవ్వ మన సంఘపు గూడబాతు కాదా? ఆమె ప్రార్థనకు రాని వారము ఎవరు పోయి తలుపు తట్టిరి?

గూటిలో పిల్లలతోనున్న తల్లిపక్షిని పట్టుకొనరాదని ధర్మశాస్త్రము ఆజ్ఞాపించెను. తేలినీలాపురము వారు ఆ పక్షుల రాకను శుభమని యెంచి, రెట్టల కంపు సహించి, వాటికి హాని చేయనియ్యరు. పక్షికి పెరటిచెట్టు విడిచిన పొరుగువారిని చూచి, దేవుని బిడ్డకు మన అరుగుమీద చోటియ్యని మనము సిగ్గుపడవలెను.

ఆలోచించుటకు:
1. మన సంఘములో ఒంటరిగా మిగిలినవారు ఎవరెవరు?
2. ఈ నెలలో వారిలో ఒకరి ఇంటికి మన కుటుంబము ఏ దినమున పోవును?

ప్రార్థన: తండ్రీ, పక్షులను పోషించువాడా, ఒంటరివారి మొర నీవు వినుచున్నావు. వారియొద్దకు మమ్మును పంపుము. యేసు నామమున, ఆమేన్.