వరిదుబ్బు మొదటనుండు వేటసాలీడు

సాలీడనగానే ఇంటి వాసమునకు గూడల్లు పురుగే మనకు తలపునకు వచ్చును. గూడల్లక, నేలనంటి తిరుగుచు, పరుగెత్తి పట్టి తిను సాలీడొకటి మన డెల్టా వరిచేలలో నున్నదని యెఱిగిన రైతులు తక్కువ. శాస్త్రజ్ఞులు 1906లో జపాను దేశమున దొరకిన వానిని చూచి దీనిని వర్ణించిరి. నేడు దీనిని పార్డోసా సూడోఆన్యులేటా యందురు. తోడేలు సాలీడనియు వాడుక.

ఇది గోధుమవన్నెది. వీపుపై పంగలకఱ్ఱ వంటి గుర్తును, పొట్టపై తెల్లని మచ్చలును ఉండును. దుబ్బును మెల్లగా వంచి, నీటికి పైన మొదలు పరికించిన కనబడును. అలికిడియైన నీటిమీదనే పరుగెత్తును. ఊడ్పులైన కొలది దినములకే గట్లనుండి చేనిలోనికి దిగును. కావున దాళ్వా కోత పిమ్మట గట్లమీది గడ్డిని తగులబెట్టిన, దాని యిల్లు కాల్చినట్లే.

ఆడది గ్రుడ్లసంచిని పొట్ట చివర తగిలించుకొని తిరుగును. పిల్లలు వెడలగానే తల్లి వీపు నెక్కును. 60 మొదలు 80 వఱకు నొక్కసారి మోయును. మూడు నాలుగు నెలల బ్రతుకులో 200 నుండి 400 గ్రుడ్లు పెట్టును.

దినమునకు 5 మొదలు 15 పురుగులు దీనికి ఆహారము. సుడిదోమయు దుబ్బు మొదటనే కాపురముండును గదా! పెద్ద సాలీళ్లు కాండము తొలుచు పురుగుయొక్క రెక్కలపురుగులను గూడ పట్టును. పిల్లసాలీళ్లు దోమపిల్లలను తినును.

లోగడ నొక గ్రామమున, దోమ కనబడగానే మందు కొట్టుడని మేమే చెప్పితిమి. నెల తిరుగకుండ చేను సుళ్లు సుళ్లుగా నెండినది. దోమ తన గ్రుడ్లను ఆకుతొడుగు లోపల పెట్టును. మందు వానిని సోకలేదు, సాలీళ్లు మాత్రము చచ్చినవి. గ్రుడ్లు చిట్లి పిల్లలు వెడలునప్పటికి వానిని తినునది లేకపోయెను. ఆ రైతు మమ్ము నొక్కమాటయు అనలేదు. అదియే మాకు ఎక్కువ బాధ. సింథటిక్ పైరిథ్రాయిడ్ జాతి మందులు చల్లిన చేలలో దోమ మునుపటికంటె హెచ్చుట పెక్కు దేశములందు చూడబడినది.

కావున మందు తేకముందు చేనికి అడ్డముగా నడచి, ఇరువది దుబ్బులను తట్టి, దోమలను సాలీళ్లను రెంటిని లెక్కింపుడు. పిలక దశలో దుబ్బునకు 10–15, ఈనిక దశలో 20–25 దోమలు చేరనిచో మందుతో పనిలేదు. దోమ గుంపులుగా వచ్చి దిగిన యేట సాలీడొక్కటే చాలునని మేమనము. అట్టి చేలకు మార్టేరు పరిశోధనా స్థానమువారి 1001 విజేత వంటి, దోమను తట్టుకొను రకములును, రెండు మీటర్ల కొకటిగా 20 సెంటీమీటర్ల కాలిబాటలును వలయును.

ఊడ్చిన చేనిలో అక్కడక్కడ చిన్న గడ్డికట్టలు నిలిపిన సాలీళ్లు వానిలో తలదాచుకొనును. గడ్డికి మన డెల్టాలో కొఱత లేదు.