కోతి మనిషైతే, ఇంకా కోతులెందుకున్నాయి?

ప్రశ్న: హైస్కూల్లో సైన్సు చెబుతాను. పై ప్రశ్న మా పిల్లలదే. ఏం చెప్పాలి? ఏ పుస్తకం చదవాలి?

జవాబు: ఇప్పటి కోతి మనకు తాత కాదండీ, దాయాది. చింపాంజీలకూ మనకూ ఉమ్మడి పూర్వీకులు సుమారు 60-70 లక్షల ఏళ్ల కిందట ఉండేవారు. ఆ తర్వాత ఎవరి దారి వారిదే.

ముందు టోనీ జోసెఫ్ 'ఎర్లీ ఇండియన్స్' (2018) చదవండి. జన్యుశాస్త్రం లోతుగా కావాలంటే శాస్త్రవేత్త డేవిడ్ రైక్ పుస్తకం చదవండి.

పాఠం మాత్రం జ్వాలాపురంతో మొదలుపెట్టండి. బనగానపల్లె దగ్గరి ఆ ఊళ్లో, దాదాపు 74,000 ఏళ్ల కిందట సుమత్రాలో పేలిన టోబా అగ్నిపర్వతం బూడిద ఇప్పటికీ పొరగా కనిపిస్తుంది. దాని కిందా పైనా రాతి పనిముట్లు దొరికాయి. వాటిని చేసింది మన జాతివాళ్లేనా? పండితులింకా తేల్చుకోలేదు. ఆ సంగతీ దాచకండి, పిల్లల్ని వాదించుకోనివ్వండి.