పాత కారు – కొత్త డ్రైవరు



బదిలీ ఉత్తర్వు వచ్చినప్పుడల్లా మీ ఇంట్లో ఏం జరుగుతుందో మాకు తెలుసు. అట్టపెట్టెలు, తాళ్లు, టీసీ, కొత్త బడి, కొత్త భాష. మా ఇంట్లో ఆ సామానుతోపాటు ఒక పాత మారుతి 800 కూడా ఊళ్లు మారుతూ వచ్చింది. విశాఖపట్నంలో సెకండ్ హ్యాండులో కొన్నాం. ఇప్పుడు జగదల్‌పూర్‌లో మా క్వార్టరు ముందు చింతచెట్టు కింద ఉంది. తిరిగింది లక్షా అరవై వేల కిలోమీటర్లు. ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండి మరో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంటే అక్కడి నంబరు తీసుకోవాలి. అంటే మీలాగే దానికీ కొత్తచోట పేరు రాయించాలన్నమాట!

ఈ కారు మన దేశంలో 1983 డిసెంబరులో రోడ్డెక్కింది. 2014లో తయారీ ఆగిపోయింది. 796 సీసీ ఇంజను, మూడు సిలిండర్లు. బానెట్ ఎత్తితే ఏది ఎక్కడుందో కంటికి కనబడుతుంది. నేర్చుకునేవాళ్లకు మంచి పాఠ్యపుస్తకం.

మా అన్నయ్య కూతురు మా దగ్గరే ఉండి డిగ్రీ చదువుతోంది. పద్దెనిమిది నిండాక లైసెన్సు తెచ్చుకుంది. "బాబాయ్, ఆదివారం చిత్రకోట్ జలపాతానికి నేనే నడుపుతాను" అంది. "నడుపుదువుగాని, ముందు కారు సంగతి చూద్దాం" అన్నాం. ముగ్గురం కూర్చుని ఒక కాగితం మీద మూడు గళ్లు గీశాం: చూడవలసినవి, మనం చేయగలిగినవి, మనం ముట్టకూడనివి.

మొదటి గడిలో టైర్లు. గాళ్ల లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లు ఉండాలి. టైరు పక్కగోడ మీద నాలుగంకెల గుర్తు ఉంటుంది. 2316 అని ఉంటే 2016వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. మా స్టెప్నీ గాళ్లు కొత్తవాటిలా ఉన్నాయి గానీ, అంకెలు చూస్తే అన్నిటికన్నా పాతది అదే. రబ్బరు ఎండి బీటలిచ్చింది. వాడకపోయినా వయసు ఆగదు కదా!

రెండో గడిలో పనులు చాలానే దొరికాయి. ఎయిర్ ఫిల్టరు మార్చాం. మూడు స్పార్క్ ప్లగ్గులు కొత్తవి వేశాం. బ్యాటరీ కొసల మీద పేరుకున్న పొడిని వంటసోడా కలిపిన నీళ్లతో కడిగాం. విప్పేటప్పుడు ముందు మైనస్ తీగ, బిగించేటప్పుడు చివర మైనస్ తీగ. ఇంజను వేడిగా ఉండగా రేడియేటరు మూత విప్పకూడదని పిల్లకు రెండుసార్లు చెప్పాం. లోపలి నీళ్లు ఒత్తిడితో ఎగజిమ్మి ఒళ్లు కాలుతుంది.

తర్వాత చక్రం విప్పాం. నట్లు వదులు చేశాకే జాకీ ఎత్తాలి, మిగతా చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాలి, జాకీని నమ్మి బండి కిందికి దూరకూడదు. చక్రం ఊడివచ్చాక చూస్తే గుండె ఝల్లుమంది. బ్రేకు ప్యాడు మీది పొర అరిగి రూపాయి బిళ్ళంత మందమే మిగిలింది. బ్రేకు ఆయిలు నల్లబడింది. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. తేమ చేరినకొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది. దిగుడులో బ్రేకు పదేపదే తొక్కితే వేడెక్కి బుడగలు పుడతాయి, పెడలు మెత్తగా లోపలికి పోతుంది, బండి ఆగదు. నెల క్రితమే, రాయపూర్ వెళ్తూ, ఇదే కారులో మేము కేశ్‌కాల్ ఘాటు పన్నెండు మలుపులూ దిగాం. పిల్లకు జాగ్రత్తలు చెప్పే మేమే ఏడాదిగా చక్రం విప్పి చూడలేదు.

"రెండు బోల్టులే కదా బాబాయ్, వీడియో చూసి మనమే మార్చేద్దాం" అంది. మాకూ ఆశ పుట్టింది, డబ్బు మిగులుతుందని. అయితే ప్లగ్గు తప్పుగా బిగిస్తే బండి కదలదు. బ్రేకు తప్పుగా బిగిస్తే బండి ఆగదు. రెండూ ఒకటి కావు. బ్రేకును మూడో గడిలో రాశాం. మెకానిక్‌నే ఇంటికి పిలిచాం. ఆయన గొట్టంలోంచి గాలి తీస్తుంటే పిల్ల సీట్లో కూర్చుని, చెప్పినప్పుడల్లా పెడలు తొక్కింది. పెడలు గట్టిపడటం తన కాలికే తెలిసింది.

మీలో చాలామందికి ఇంకా పద్దెనిమిది నిండలేదు. తాళంచెవి అడగకండి. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం, మైనరు బండి నడిపి నేరం చేస్తే సంరక్షకులకు లేదా యజమానికి 3 ఏళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా. అమ్మానాన్నల ఉద్యోగం సంగతి మీకు వేరే చెప్పక్కర్లేదు.

ఒక ఆదివారం పోయి, మరో ఆదివారం వచ్చింది. మేము నీళ్ల సీసాలు సర్దుకుని బయటికి వచ్చేసరికి, పిల్ల కారు చుట్టూ తిరిగి టైర్లు చూస్తోంది. వంగి కింద నూనె చుక్కలున్నాయేమో చూసింది. సీట్లో కూర్చుని, ఇంజను వేయకముందే ఒకసారి బ్రేకు తొక్కి చూసుకుంది. మేమేమీ చెప్పలేదు. వెనక సీట్లో నిశ్చింతగా కూర్చున్నాం.

చేసి చూడండి:
1. మీ ఇంటి బండి టైర్ల మీది నాలుగంకెలు చదివి, ఏ సంవత్సరంలో ఏ వారంలో తయారయ్యాయో రాయండి. స్టెప్నీని మరవకండి.
2. మీ ఇంట్లో ఏదైనా ఒక పాత వస్తువుకు మూడు గళ్ల పట్టిక తయారు చేయండి. మూడో గడిలో ఏం రాశారో, ఎందుకు రాశారో పెద్దలకు తెలుగులో చెప్పండి.