చర్మకారుని యింట పేతురు

పాఠ్యభాగము: అపొస్తలుల కార్యములు 9:43 నుండి 10:35 వరకు



మన పల్లెల బిడ్డలనేకులు చదువులకును ఉద్యోగములకును విజయవాడ చేరుచున్నారు. చెన్నై–కోల్‌కత రహదారియు, హైదరాబాదు–మచిలీపట్నము రహదారియు కలియు బెంజ్ సర్కిల్ చుట్టుప్రక్కల "టు లెట్" బోర్డు చూచి మెట్లెక్కినవారికి, అద్దె యెంతో తెలియకమునుపే ఒక ప్రశ్న ఎదురగుట కలదు: "మీరేమిట్లండీ?" పట్టణము పెద్దదే గాని వీధి చిన్నది, అచ్చట అందరికి అందరి సంగతి కావలెను. దీనికి విశ్వాసి ఏమి చెప్పవలెను? ఇల్లుగల విశ్వాసి దీనిని అడుగవచ్చునా?

1. పేతురు బస. యొప్పేలో పేతురు చర్మకారుడైన సీమోను ఇంట బహుదినములుండెను. జంతు కళేబరమును ముట్టినవాడు సాయంకాలమువరకు అపవిత్రుడని ధర్మశాస్త్రము చెప్పెను గనుక యూదులు ఆ వృత్తిని తక్కువగా చూచిరి. అయినను లేఖనము దానిని దాచక మూడు మారులు చెప్పినది. ఆ యింటి మిద్దెమీదనే పేతురునకు దర్శనము కలిగెను. ఆ యింటనే ఆయన అన్యజనులకు ఆతిథ్యమిచ్చెను.

2. అద్దెకుండువారికి. ఇల్లు దొరకుటకై పేరు మార్చి, విశ్వాసము దాచు శోధన కలదు. మొదటి తప్పు అడిగినవానిదే. నలిగినవారిని మనము నిందింపరాదు. అయితే గుమ్మమునొద్ద ఒకసారి చెప్పిన అబద్ధమును దినదినము కాపాడవలెను. ఆదివారము ఎక్కడికని పొరుగువారడిగిన, పసిబిడ్డ సహా బొంకవలసివచ్చును. పౌలు రోమాలో రెండు సంవత్సరములు అద్దె యింటనుండి, వచ్చినవారినందరిని బాహాటముగా చేర్చుకొనెను. షరతులు కాగితముమీద వ్రాయించుకొనుడి. చెప్పిన తేదీకి అద్దె చెల్లించి రసీదు పుచ్చుకొనుడి. రాత్రి ప్రార్థన పొరుగువారి నిద్రకు అడ్డు కాకుండ చూచుకొనుడి.

3. ఇల్లుగలవారికి. ఉద్యోగమేమి, ఎందరుందురు అని అడుగుట న్యాయమే. కులమడుగుట న్యాయము కాదు. సంఘములో ఒకే బల్లయొద్ద కూర్చుండి, ఇంటి గుమ్మమునొద్ద పూర్వపు కులము విచారించువారు మనలో లేరా? అంటరానితనము పేరట ఒకరిని నివాసగృహమునకు దూరపరచుట 1955 నాటి చట్టము ప్రకారము నేరము. అంతకు ముందే, భూమి నాది, మీరు నాయొద్ద కాపురమున్న పరదేశులని ప్రభువు లేవీయకాండము 25వ అధ్యాయములో తెలియజేసెను. దస్తావేజు గలవాడును ఆయన యెదుట అద్దెకున్నవాడే.

ఆలోచించుటకు:
(1) కొర్నేలీ మనుష్యులు సీమోను గుమ్మమునొద్ద నిలిచినప్పుడు పేతురు వారినేమి అడిగెను? ఏమి అడుగలేదు?
(2) మన సంఘమునుండి పట్టణము వెళ్లిన కుటుంబములు ఏ పేరుతో జీవించుచున్నవి? వారిని ఈ నెల ఎవరు దర్శించెదరు?