మీ పని ఏ ఆఫీసుది? ముందు మీరు ఏ లెక్కలోకి వస్తారో చూసుకోండి

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ లబ్ధిదారులకు

కాగితాలు పట్టుకొని ఆఫీసుకు పోతే "ఇది మా దగ్గర కాదు" అంటారు. ఒక రోజు కూలీ, బస్సు చార్జీ రెండూ పోతాయి. ఒక్కో ఆఫీసు ఒక్కో రకం మనుషుల కోసం ఉంటుంది. పథకం పేరు కన్నా ముందు "ఈ ఆఫీసు ఎవరి కోసం?" అని అడగండి.

మొదట మీరుండే చోటు. పింఛను దరఖాస్తుకు పల్లెవాళ్లు గ్రామ పంచాయతీకి, ఎంపీడీఓ ఆఫీసుకు పోవాలి. ఈ మూడు పట్టణాల్లో ఉండేవాళ్లకు మున్సిపల్ ఆఫీసు. మహిళా సంఘాలదీ ఇదే తీరు: ఊళ్లో సంఘాన్ని సెర్ప్ చూస్తుంది, టౌన్‌లో సంఘాన్ని మెప్మా చూస్తుంది. సంఘం రెండు చోట్లా ఒకటే అనిపిస్తుంది గానీ ఫైలు వేరు.

జిల్లా కూడా గుర్తుంచుకోండి. 2016 అక్టోబరు 11న సూర్యాపేట జిల్లా అయింది. కోదాడ అందులోకి వచ్చింది, మిర్యాలగూడ నల్గొండ జిల్లాలోనే ఉంది. మిర్యాలగూడవాళ్లు సూర్యాపేట కలెక్టరేట్‌కు పోతే తిప్పలే.

తర్వాత మీరు ఎవరు అన్నది. ఎక్కువ మంది నష్టపోయేది ఇక్కడే. వృద్ధాప్య పింఛనుకు 57 ఏళ్లు నిండాలి. చేనేత కార్మికులకు, గీత కార్మికులకు మాత్రం 50 చాలు. మగ్గం నేసే 52 ఏళ్ల మనిషి "ఇంకా వయసు రాలేదు" అని ఇంట్లో కూర్చుంటే ఐదేళ్ల పింఛను పోయినట్టే. గీత కార్మికులైతే సహకార సంఘం సభ్యత్వం చూపించాలి.

ఒకే మనిషి రెండు లెక్కల్లోకి రావచ్చు. వృద్ధుడే, కాలు కూడా పని చేయదనుకోండి. రెండు పింఛన్లు రావు. వృద్ధాప్యానికి రూ. 2,016, వికలాంగులకు రూ. 4,016. అందుకే ముందు సదరం సర్టిఫికెట్ తెచ్చుకోండి. మామూలుగా 40 శాతం, వినికిడి లోపానికైతే 51 శాతం ఉండాలి.

ఆడపిల్ల పెళ్లి సాయానికి ఎస్సీ, ఎస్టీ, బీసీ కుటుంబాలది కల్యాణలక్ష్మి, మైనారిటీలది షాదీ ముబారక్. డబ్బు రెండింటిలోనూ రూ. 1,00,116. దరఖాస్తు మీసేవలో పెడతారు, తహసీల్దారు ఆఫీసు పరిశీలిస్తుంది. అమ్మాయికి 18 నిండి ఉండాలి. గర్భిణులు, బాలింతలు, ఆరేళ్లలోపు పిల్లలు అంగన్‌వాడీకి పోతే చాలు, ఇక్కడ కులం అడగరు.

మేస్త్రీలు, తాపీ పనివాళ్లు, సెంట్రింగ్ కూలీలకు భవన నిర్మాణ కార్మికుల బోర్డు ఉంది. 18 నుంచి 60 ఏళ్ల లోపు ఉండి, గడిచిన ఏడాదిలో 90 రోజులు ఆ పని చేసి ఉంటే కార్మిక శాఖ ఆఫీసులో పేరు రాయించుకోవచ్చు. మిర్యాలగూడ రైస్ మిల్లులో బస్తాలు మోసే అన్న కూడా కష్టజీవే, కానీ అది నిర్మాణం పని కాదు కాబట్టి ఈ బోర్డు కిందికి రాడు. ఆ కార్డు ఇప్పిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి.

ఎక్కడికి పోయినా వెనక్కి పంపుతుంటే, మీ జిల్లా కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజావాణిలో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. అంతకుముందు తిరిగిన ఆఫీసుల పేర్లు, తేదీలు అర్జీలోనే రాయండి.